కిలో బరువు ల్యాప్‌టాప్.. కొనే ముందు కొంత లెక్క

* ధర, బరువు చూసి తొందరపడితే ఏడాదిలోనే ఇబ్బంది
* చదువుకు, చిన్న ఉద్యోగానికి ఏది సరిపోతుందో ముందే తేల్చుకోవాలి
* వాయిదాల వడ్డీ, వారంటీ షరతులు తప్పక చూడాలి

నర్సంపేట: డిగ్రీ, ఇంజినీరింగ్ ప్రవేశాల కాలం వచ్చిందంటే పల్లెల్లో ప్రతి ఇంటా ఒకటే చర్చ. అమ్మాయికో, అబ్బాయికో ల్యాప్‌టాప్ కొనాలి. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మగా మిగిలిన సొమ్మో, మహిళా సంఘంలో తీసుకున్న రుణమో చేతిలో ఉంటుంది. అది 20 వేలు కావచ్చు, 30 వేలు కావచ్చు. దుకాణానికి వెళితే అద్దాల అలమరలో పలకలా సన్నగా, పుస్తకమంత తేలికగా ఉన్న యంత్రాన్ని చూపుతారు. ధర అందుబాటులోనే ఉంటుంది. చేత్తో ఎత్తి చూస్తే కిలో బరువు కూడా అనిపించదు. ఇంకేం కావాలని కొనేస్తారు. అసలు సంగతి ఆరు నెలలకో, ఏడాదికో బయటపడుతుంది.

ఈ విలేకరికి అది స్వానుభవమే. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1న టీ-శాట్, దూరదర్శన్‌ల ద్వారా రాష్ట్రంలో పాఠాలు మొదలైనప్పుడు మా అమ్మాయి పదో తరగతి. ఆ ఏడాది టీవీతో గడిచింది. ఇంటర్మీడియట్‌కు వచ్చాక, 2021లో 17 వేల రూపాయలు పెట్టి 11.6 అంగుళాల తెర ఉన్న చిన్న ల్యాప్‌టాప్ కొన్నాం. బరువు కిలోకు కాస్త ఎక్కువ. అందులో మెమరీ 2 జీబీ, నిల్వ 32 జీబీ అన్న సంగతి చదివాం కానీ దాని అర్థం మాకు తెలియలేదు. మొదటి ఏడాది పాఠాలు వినడానికి, వార్తలు పంపడానికి ఎలాగో పనికొచ్చింది. 2023లో డిగ్రీ ప్రవేశాల కోసం దోస్త్‌లో ఐచ్ఛికాలు నమోదు చేయవలసిన చివరి రోజు సాయంత్రం అప్‌డేట్ మొదలైంది. నిల్వలో జాగా చాలక అది మధ్యలోనే ఆగిపోయింది. యంత్రం ఎంతసేపటికీ తెరుచుకోలేదు. నెట్ సెంటర్‌కు పరుగెత్తి, మూసే వేళకు ఆదరాబాదరాగా నమోదు చేస్తే కళాశాలల వరుస తారుమారైంది. తరువాతి విడతలో సరిదిద్దుకోగలిగాం కాబట్టి సరిపోయింది. లేకుంటే ఏడాది చదువుకే ఎసరు వచ్చేది.

తేలికైన, చవకైన ల్యాప్‌టాప్ కొనడం తప్పు కాదు. ఏమి వదులుకుని ఆ తేలిక, ఆ చవక సాధించారో తెలుసుకుని కొనాలి. ఆ వివరాలే ఈ కథనం.

ఏడు అంగుళాలతో మొదలు

చిన్న ల్యాప్‌టాప్‌ల కథ కొత్తది కాదు. తైవాన్‌కు చెందిన ఆసుస్ సంస్థ 2007లో 'ఈ పీసీ' పేరిట ఏడు అంగుళాల తెర గల యంత్రాన్ని విడుదల చేసింది. దాని బరువు కిలోకు లోపే. నిల్వ 4 జీబీ, మెమరీ అర జీబీ. విండోస్‌కు బదులు లినక్స్ ఇచ్చారు. మరుసటి ఏడాది ఇంటెల్ 'ఆటమ్' ప్రాసెసర్‌ను తేవడంతో అన్ని కంపెనీలూ ఈ దారి పట్టాయి. వీటిని నెట్‌బుక్‌లన్నారు. అయితే ఇరుకు కీబోర్డు, నెమ్మది పనితీరుతో జనం విసిగిపోయారు. 2010లో ఐప్యాడ్ వచ్చాక ఆ గిరాకీ టాబ్లెట్ల వైపు మళ్లింది. 2013 నాటికి నెట్‌బుక్‌లు దాదాపు కనుమరుగయ్యాయి.

అప్పటి లోపాలు ఇప్పుడు చాలావరకు తీరాయి. ప్రాసెసర్లు తక్కువ విద్యుత్తుతో ఎక్కువ పని చేస్తున్నాయి. అయినా అట్టడుగు ధరలో అమ్మే మోడళ్లలో పాత జబ్బులు కొన్ని అలాగే ఉన్నాయి. మెమరీ తక్కువ, నిల్వ తక్కువ, మార్చుకునే వీలు అంతకంటే తక్కువ.

ముందు పని.. తర్వాత యంత్రం

దుకాణానికి వెళ్లే ముందే ఏ పనికి కొంటున్నామో కాగితం మీద రాసుకోవాలి. బీఏ, బీఎస్సీ విద్యార్థికి పాఠాలు వినడం, నోట్సు తయారు చేసుకోవడం, దరఖాస్తులు పూరించడం ప్రధానం. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'స్వయం' వేదికలోని కోర్సులైనా, ఎన్‌పీటీఈఎల్ పాఠాలైనా బ్రౌజర్ ఉంటే చాలు. ఇంత పనికి సాధారణ యంత్రం సరిపోతుంది.

బీకాం కంప్యూటర్స్ విద్యార్థికి ట్యాలీ కావాలి. ట్యాలీప్రైమ్ పనిచేయాలంటే 64 బిట్ల విండోస్ ఉండాలి. నేర్చుకునేవారి కోసం ఇందులో ఉచిత ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది. అందులో నెలలో 1, 2, 31 తేదీల పద్దులు మాత్రమే నమోదు చేయగలం. అభ్యాసానికి అది చాలు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు సీ, పైథాన్ వంటి భాషలను చిన్న యంత్రంపైనా నేర్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియోతో ఫోన్ యాప్‌లు తయారు చేయాలంటే 8 జీబీ మెమరీ కనీసావసరం, 16 జీబీ ఉంటే మేలు. సివిల్, మెకానికల్ విద్యార్థులు వాడే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లకు ఈ తరహా ల్యాప్‌టాప్‌లు సరిపోవు. వారు కళాశాల ప్రయోగశాలపై ఆధారపడటమో, మరికొంత సొమ్ము సమకూర్చుకోవడమో చేయాలి.

ఇక పని సంగతి. మీసేవ తరహా సేవలు అందించేవారికి వేలిముద్రల పరికరం, డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్, ప్రింటర్ కావాలి. వీటి డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌కు దొరుకుతాయి. మామూలు యూఎస్‌బీ రంధ్రాలు కనీసం రెండు ఉండాలి. పలుచని మోడళ్లలో కొన్నిటికి ఒక్కటే ఉంటుంది. డీటీపీ పని చేసేవారు, విలేకరులు అను ఫాంట్లతో టైపు చేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ కూడా విండోస్ మీదే నడుస్తుంది. యూనికోడ్ తెలుగు మాత్రమే టైపు చేసేవారికి ఈ చిక్కు లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచే యూనికోడ్ తెలుగు ఉంది. ఇప్పుడు అన్ని వ్యవస్థల్లోనూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లభిస్తుంది.

మెమరీ.. నాలుగా? ఎనిమిదా?

మెమరీని వంటగదిలోని అరుగుతో పోల్చవచ్చు. అరుగు చిన్నదైతే ఒక గిన్నె దించితే గాని ఇంకో గిన్నె పెట్టలేం. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస మెమరీ 4 జీబీ. ఆ కనీసంతో యంత్రం తెరుచుకుంటుంది గాని పని సాగదు. తెరిచీ తెరవగానే అందులో సగానికి మించి విండోస్ వాడేసుకుంటుంది. మిగిలిన దానిలో బ్రౌజర్, పీడీఎఫ్ పాఠం, వర్డ్ ఒకేసారి తెరిస్తే యంత్రం అవస్థ పడుతుంది. కాబట్టి విండోస్ ల్యాప్‌టాప్ కొనేవారు 8 జీబీకి తగ్గవద్దు.

'ఇప్పుడు 4 జీబీది తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు' అని దుకాణదారు చెప్పవచ్చు. తేలికైన మోడళ్లలో చాలావాటికి మెమరీ చిప్‌లను బోర్డుకే అతికించి ఇస్తారు. వాటిని జన్మలో పెంచలేం. ఖాళీ స్లాటు ఉన్నదీ లేనిదీ మోడల్ సంఖ్యతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అదనపు చిప్ ధరనూ ముందే అడగాలి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా కేంద్రాలు భారీగా కొనుగోలు చేయడమే ఇందుకు కారణం. అంతకుముందు చవకగా జరిగిన పని ఇప్పుడు అంత చవకగా జరగదు.

నిల్వలో తిరకాసు

పెట్టె మీద '64 జీబీ' అని ఉంటుంది. ఫోన్‌లో 64 జీబీ ఉంటే చాలు గదా అనుకుంటాం. అందులో విండోస్ ఒక్కటే 25 నుంచి 30 జీబీ వరకు ఆక్రమిస్తుంది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు మరికొన్ని జీబీలు ఖాళీగా ఉండాలి. జాగా లేకుంటే మా అమ్మాయికి జరిగినట్లే జరుగుతుంది.

నిల్వ పరిమాణంతో పాటు రకాన్నీ చూడాలి. అట్టడుగు ధర మోడళ్లలో ఈఎంఎంసీ అనే చిప్ ఉంటుంది. ఇది చవక ఫోన్లలో వాడే రకం. సెకనుకు గరిష్ఠంగా 300 నుంచి 400 ఎంబీలు చదవగలదు. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ దానికి నాలుగైదు రెట్ల వేగంతో పనిచేస్తుంది. అంతకంటే ముఖ్యం, ఈఎంఎంసీ బోర్డుకు అతికి ఉంటుంది. అది చెడిపోతే బోర్డు మొత్తం మార్చవలసి వస్తుంది. ఆ ఖర్చు కొత్త యంత్రం ధరకు దగ్గరగా ఉండవచ్చు. ఎస్‌ఎస్‌డీ అయితే రెండు మరలు విప్పి మార్చుకోవచ్చు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకుంటే డిగ్రీ పూర్తయ్యే దాకా బెంగ ఉండదు.

ప్రాసెసర్ పేర్ల మాయ

ప్రాసెసర్ పేర్లు కొనుగోలుదారును తికమక పెట్టేలా ఉంటాయి. ఇంటెల్ సంస్థ తన చవక రకాలైన సెలెరాన్, పెంటియం పేర్లను 2023 నుంచి కొత్త ల్యాప్‌టాప్ చిప్‌లకు విడిచిపెట్టింది. అదే ఏడాది వచ్చిన ఎన్100లో నాలుగు కోర్‌లుంటాయి. దాని విద్యుత్ వినియోగ స్థాయి 6 వాట్లు. చదువు పనులకు ఇది సరిపోతుంది. పాత సెలెరాన్ ఎన్4020లో రెండే కోర్‌లు. ఇది ఉన్న యంత్రాలు ఇంకా నిల్వల్లో కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆలోచించవలసిందే. ఐ3-1215యూ వంటివి వీటన్నిటి కంటే చురుకైనవి. బడ్జెట్‌లో దొరికితే వదులుకోవద్దు.

ఏఎండీ రకాల్లోనూ జాగ్రత్త అవసరం. రైజెన్ 3 7320యూ పేరులో ఏడు వేల అంకె చూసి సరికొత్తది అనుకుంటారు. లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 నిర్మాణం. రోజువారీ పనికి లోటు చేయదు గాని దీనితో వచ్చే మెమరీ బోర్డుకు అతికించి ఉంటుంది. కొనేటప్పుడే 8 జీబీ ఉన్నది ఎంచుకోవాలి.

భుజం మీద బరువు.. కంటి ముందు తెర

బరువు చిన్న విషయమేమీ కాదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైన నాటి నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళల రద్దీ పెరిగింది. నర్సంపేట నుంచి వరంగల్ దాకా సుమారు 40 కిలోమీటర్లు నిలబడి వెళ్లే విద్యార్థినికి భుజాన ఉన్న సంచి బరువు తెలుస్తుంది. 15.6 అంగుళాల యంత్రం కిలో 700 గ్రాముల వరకు తూగుతుంది. 14 అంగుళాలది కిలో 300 నుంచి కిలోన్నర మధ్య ఉంటుంది. 11.6 అంగుళాలది కిలో, కిలో 200 గ్రాములు. ఛార్జర్ బరువును కంపెనీలు ఇందులో కలపవు. పాతరకం ఛార్జర్ 300 గ్రాముల దాకా ఉంటుంది. టైప్-సీ ద్వారా ఛార్జింగ్ అయ్యే మోడల్‌కు ఛార్జర్ చిన్నదిగా ఉంటుంది. పోయినా, పాడైనా అదే సామర్థ్యం గల మరో మంచి ఛార్జర్ వాడుకోవచ్చు.

అర కిలో తగ్గించుకోవడానికి తెరను మరీ చిన్నది చేసుకుంటే కళ్లకు శ్రమ. 11.6 అంగుళాల తెర మీద ఎక్సెల్ పట్టిక చూడటం, గంటల తరబడి పీడీఎఫ్ చదవడం కష్టం. కీబోర్డు కూడా ఇరుకుగా ఉంటుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాలకు వేళ్లు ఎక్కువగా కదలాలి కాబట్టి ఈ తేడా మరింత తెలుస్తుంది. చదువుకూ, ప్రయాణానికీ 14 అంగుళాలు మధ్యేమార్గం.

తెరలో చుక్కల లెక్క కూడా అడగాలి. 1366x768 తెరలో సుమారు 10.5 లక్షల చుక్కలుంటే, 1920x1080 తెరలో 20.7 లక్షలుంటాయి. తెలుగు అక్షరాల వంపులు, ఒత్తులు రెండో దానిలో స్పష్టంగా కనిపిస్తాయి. ఐపీఎస్ తెర అయితే పక్క నుంచి చూసినా రంగు మారదు. వెలుతురు 250 నిట్‌లకు లోపు ఉంటే పగలు వరండాలో కూర్చుని పనిచేయడం కష్టం.

బ్యాటరీ.. చిన్న భాగహారం

'పది గంటల బ్యాటరీ' అన్న ప్రకటనను యథాతథంగా నమ్మవద్దు. తెర వెలుతురు తగ్గించి, వీడియో మాత్రమే నడిపి చెప్పే లెక్క అది. అసలు లెక్క మనమే వేసుకోవచ్చు. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్‌లలో రాస్తారు. బడ్జెట్ యంత్రాల్లో ఇది సాధారణంగా 38 నుంచి 42 వరకు ఉంటుంది. మామూలు పనిలో ల్యాప్‌టాప్ 6 నుంచి 10 వాట్లు తీసుకుంటుంది. 40ని 8తో భాగిస్తే 5 గంటలు. రెండు మూడేళ్లకు బ్యాటరీ సామర్థ్యం అయిదో వంతు తగ్గితే అది 4 గంటలవుతుంది. కరెంటు కోతల నడుమ చదువుకునేవారికి ఈ గంటే కీలకం.

విద్యుత్ బిల్లు గురించి బెంగ అక్కరలేదు. ఒకసారి నిండా ఛార్జింగ్ చేయడానికి నష్టాలతో కలిపి 50 వాట్-అవర్‌లు అనుకున్నా, 20 సార్లు చేస్తే గాని ఒక యూనిట్ కాలదు. భయపడవలసింది వేడికి. చాలా కంపెనీలు తమ యంత్రాలను 35 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతలో వాడమని సూచిస్తాయి. మే నెలలో రేకుల ఇంట్లో, పరుపు మీద పెట్టి ఛార్జింగ్ చేస్తూ వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. చెక్క బల్ల మీద పెట్టి వాడాలి. ఉరుములు, మెరుపుల వేళ ప్లగ్ తీసివేయడం మంచిది.

ఫోన్ తరహా ల్యాప్‌టాప్‌లు

మరీ తక్కువ ధరలో విండోస్ లేని యంత్రాలు కూడా ఉన్నాయి. రిలయన్స్ సంస్థ 2023 జులై 31న ప్రకటించిన జియోబుక్ విడుదల ధర 16,499 రూపాయలు. బరువు 990 గ్రాములు, తెర 11.6 అంగుళాలు, మెమరీ 4 జీబీ, నిల్వ 64 జీబీ. లోపలే 4జీ సిమ్ వేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ పునాదిగా రూపొందించిన జియో ఓఎస్‌తో ఇది నడుస్తుంది. పాఠాలు వినడానికి, రాసుకోవడానికి ఈ తరహా పరికరం చాలు. ట్యాలీ, అను వంటి విండోస్ సాఫ్ట్‌వేర్‌లు మాత్రం ఇందులో పనిచేయవు.

2011లో మొదలైన క్రోమ్‌బుక్‌లదీ ఇదే పరిస్థితి. ఇవి తక్కువ మెమరీతోనూ చురుగ్గా ఉంటాయి, వైరస్‌ల బెడద తక్కువ. అయితే ప్రతి మోడల్‌కూ అప్‌డేట్‌లు ఆగిపోయే తేదీ ముందే నిర్ణయమై ఉంటుంది. 2021 నుంచి వచ్చిన వేదికలకు పదేళ్లపాటు అప్‌డేట్‌లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ పదేళ్లు లెక్కించేది మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ వేదిక విడుదలైన నాటి నుంచి. పాత నిల్వ అంటగడితే నష్టపోతాం.

కొన్ని విండోస్ యంత్రాలు 'ఎస్ మోడ్'లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లు తప్ప మరేవీ ఎక్కవు. యంత్రం చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఉచితంగా ఆ మోడ్ నుంచి బయటకు రావచ్చు. ఒకసారి వస్తే మళ్లీ వెనక్కు వెళ్లలేం.

పాతదైనా గట్టిదే

పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసివేసిన ల్యాప్‌టాప్‌లను శుభ్రపరిచి అమ్ముతుంటారు. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ శ్రేణులు ఇలా విరివిగా దొరుకుతాయి. ఇవి అసలు ధరలో ఖరీదైనవి. కీబోర్డు, కీళ్లు దృఢంగా ఉంటాయి. చాలా మోడళ్లలో మెమరీ, ఎస్‌ఎస్‌డీ మార్చుకునే వీలుంది. 14 అంగుళాల రకాలు కిలోన్నర అటూ ఇటూ తూగుతాయి.

ఇక్కడ ఒక గీత గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. ఐ5-8350యూ అని ఉంటే ఎనిమిదో తరం, ఐ5-7300యూ అని ఉంటే ఏడో తరం. ఈ రెండు తరాల పేర్లలో గీత తర్వాత మొదటి అంకె చూస్తే తెలిసిపోతుంది. ఏడో తరానికి ఎలాగో విండోస్ 11 ఎక్కించి అమ్మేవారున్నారు. ముందు ముందు అప్‌డేట్‌లకు భరోసా ఉండదు కాబట్టి అలాంటివి కొనవద్దు.

బ్యాటరీ ఎంత అరిగిందో తెలుసుకోవడానికి దుకాణంలోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ' కమాండ్‌తో బ్యాటరీ నివేదిక ఇమ్మని అడగాలి. అందులో తయారీనాటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ కనిపిస్తాయి. రెండోది మొదటి దానిలో 70 శాతానికి తగ్గితే కొత్త బ్యాటరీ వేయించమనడమో, ధర తగ్గించమనడమో చేయాలి. కనీసం ఆరు నెలల వారంటీని బిల్లు మీద రాయించుకోవాలి.

వాయిదాల వెనుక వడ్డీ

చేతిలో మొత్తం సొమ్ము లేనివారు వాయిదాలకు మొగ్గు చూపుతారు. 30 వేల రూపాయల యంత్రానికి నెలకు 2,950 చొప్పున 12 నెలలు కట్టమన్నారనుకుందాం. మొత్తం 35,400 అవుతుంది. అదనంగా కట్టేది 5,400. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీయే కదా అనిపిస్తుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ కంటే నయమనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంటే వడ్డీ మాత్రం మొదటి నుంచీ మొత్తం 30 వేల మీదే వేశారు. తగ్గే అసలుపై లెక్కిస్తే అది నూటికి నెలకు రెండు రూపాయల అరవై పైసలు దాటుతుంది. అంటే ఏడాదికి దాదాపు 32 శాతం.

'వడ్డీ లేని వాయిదాలు' అన్నచోట ప్రాసెసింగ్ రుసుము, దానిపై జీఎస్టీ ఉంటాయి. మొత్తం ఒకేసారి చెల్లిస్తే వచ్చే తగ్గింపు వాయిదాల వారికి రాకపోవచ్చు. రెండు ధరలూ అడిగి పోల్చుకోవాలి. మహిళా సంఘంలో తక్కువ వడ్డీకి రుణం దొరికే అవకాశం ఉంటే అదే మేలు. విద్యా రుణం తీసుకునేవారు కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చును అందులో కలిపే వీలుందేమో బ్యాంకులో అడగవచ్చు.

బిల్లు లేకుంటే భరోసా లేదు

ల్యాప్‌టాప్‌పై జీఎస్టీ 18 శాతం. 30 వేల రూపాయల ధరలో పన్ను వాటా సుమారు 4,576 రూపాయలు. 'బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తాం' అనే మాటకు లొంగవద్దు. బిల్లు లేనిదే వారంటీ అడగడం కష్టం, వినియోగదారుగా హక్కు నిరూపించుకోవడమూ కష్టం. బిల్లు మీద మోడల్ సంఖ్య, సీరియల్ నంబరు ఉన్నాయో లేదో సరిచూడాలి. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఏ తేదీ వరకు ఉందో అక్కడే చూసుకోవచ్చు.

వారంటీలో రెండు రకాలున్నాయి. ఒకటి ఇంటికి వచ్చి బాగు చేసేది, రెండోది మనమే సేవా కేంద్రానికి తీసుకెళ్లవలసినది. పల్లెవాసులకు ఈ తేడా పెద్దది. సేవా కేంద్రం జిల్లా కేంద్రంలో ఉందా, హైదరాబాద్‌లోనే ఉందా అన్నది కొనకముందే తెలుసుకోవాలి. ఒక్కో మరమ్మతుకు రెండుసార్లు హైదరాబాద్ తిరిగితే ఛార్జీలు, పోయిన కూలి కలిపి లెక్క వేసుకోవలసిందే.

మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

మరి ఏది కొనాలి?

అన్నీ కలిపి తూచి చూస్తే మూడు దారులు కనిపిస్తాయి. బడ్జెట్ 15 వేలకు అటూ ఇటూ ఉండి, పాఠాలు, నోట్సు, దరఖాస్తులు మాత్రమే అవసరమైతే క్రోమ్‌బుక్ తరహా యంత్రం చాలు. అదే ధరలో 4 జీబీ మెమరీ, 64 జీబీ ఈఎంఎంసీతో వచ్చే విండోస్ యంత్రం కంటే ఇది నయం. ట్యాలీ, డీటీపీ, ఆన్‌లైన్ సేవల పని ఉండి 20-25 వేలకు మించలేనివారికి ఎనిమిదో తరం లేదా ఆపై పాత వ్యాపార శ్రేణి యంత్రం మేలు. 30 వేలు దాటగలిగితే 14 అంగుళాలు, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ గల కొత్త యంత్రం వెతకాలి. అందరికీ వర్తించే మాట ఒకటుంది. సొమ్ము సరిపోనప్పుడు బరువులో రాజీ పడవచ్చు గాని, మెమరీలో, నిల్వలో పడకూడదు. బరువును భుజం అలవాటు చేసుకుంటుంది. చాలని నిల్వకు మందు లేదు.

మా ఇంట్లో 2023లో రెండో దారే ఎంచుకున్నాం. 21 వేలకు కొన్న పాత 14 అంగుళాల యంత్రంతోనే అమ్మాయి బీకాం చదివింది. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్చవలసి వచ్చింది. మొదట కొన్న కిలో యంత్రాన్ని పారేయలేదు. అందులో విండోస్ తీసివేసి తేలికపాటి లినక్స్ వేయించాం. ఇంటర్నెట్‌తో పెద్దగా పనిలేని టైపింగ్‌కు అది ఇప్పటికీ ఉపయోగపడుతోంది. దాని శక్తికి తగ్గ పని అప్పగిస్తే అదీ నమ్మకంగానే చేస్తోంది.

దుకాణంలో పది నిమిషాలు..

* పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూడాలి.
* సెట్టింగ్స్‌లో మెమరీ, ప్రాసెసర్, నిల్వ వివరాలు కళ్లారా చూసుకోవాలి.
* బ్రౌజర్‌లో ఐదారు పేజీలు, ఒక వీడియో, ఒక పీడీఎఫ్ ఒకేసారి తెరిచి వేగం పరీక్షించాలి.
* తెల్లటి, నల్లటి తెరలు పెట్టి మచ్చలున్నాయేమో గమనించాలి.
* కీబోర్డులోని ప్రతి మీటా నొక్కి, తెలుగులో నాలుగు వాక్యాలు టైపు చేయాలి.
* కెమెరా, మైకు, స్పీకరు, వైఫై, యూఎస్‌బీ రంధ్రాలన్నీ పరీక్షించాలి.
* ఆఫీస్ సాఫ్ట్‌వేర్ శాశ్వతమా, కొంతకాలానికేనా అడగాలి. గడువుదైతే ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్ వాడుకోవచ్చు.
* ఇంటికి వెళ్లాక ఫోన్ హాట్‌స్పాట్‌ను 'మీటర్డ్ కనెక్షన్'గా మార్చుకుంటే రోజువారీ డేటా అప్‌డేట్‌ల పాలు కాదు.
* దరఖాస్తుల గడువు ఉన్న వారంలో అప్‌డేట్‌లను వాయిదా వేసుకోవాలి. ముఖ్యమైన పత్రాలను పెన్‌డ్రైవ్‌లో మరో ప్రతి దాచుకోవాలి.